కోరీ గుడ్లకు వేలాడే బ్రీడింగ్ బాక్స్: కరెంటు ఉన్నప్పుడూ, పోయినప్పుడూ

ఈ డబ్బాలో నాకు నచ్చింది ఒక్కటే, ఆ ఒక్కదాని కోసమే ఇన్నేళ్లుగా దీన్ని వదలకుండా వాడుతున్నాను: నీళ్లు ఆగవు. చేపల గుడ్లను, పిల్లల్ని వేరుగా ఉంచడానికి ట్యాంకు అద్దానికి బయటివైపు తగిలించే ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్స్ ఇది. ఎయిర్ పంపు గాలి ఒక సన్న గొట్టంలో బుడగలుగా లేస్తూ ట్యాంకు నీళ్లను కూడా పైకి లాక్కొచ్చి డబ్బాలో పోస్తుంది, నిండాక ఎక్కువైన నీళ్లు అవతలి చివర ఉన్న జల్లెడ గుండా మళ్లీ ట్యాంకులో పడతాయి. లోపల తిరిగే రెక్క లేదు, పిల్లల్ని లాగేసేది ఏదీ లేదు. కొలతలు, ధర అమ్మేవాళ్ల దగ్గరే దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. చిన్న సైజు మాత్రం కొనకండి.

నేను దీన్ని వాడేది బ్రాంజ్ కోరీలనే చిన్న క్యాట్‌ఫిష్‌ల కోసం. అందరం కోరిడోరాస్ ఈనియస్ అని పిలుస్తూ వచ్చిన చేప. 2024లో పరిశోధకులు కోరిడోరాస్ ప్రజాతిని విడదీసినప్పుడు దీన్ని ఆస్టియోగాస్టర్ అనే ప్రజాతిలోకి మార్చారు, షాపులో మాత్రం ఇప్పటికీ కోరీ అనే అడగాలి. ఇంట్లో క్యాట్‌ఫిష్ పిల్లల్ని తీస్తున్నానంటే మన దగ్గర చాలామందికి మొదట గుర్తొచ్చేది చెరువుల్లో దొంగచాటుగా పెంచే నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మీసాలు తప్ప రెండింటికీ పోలిక లేదు. ఇది దక్షిణ అమెరికా చేప, పెద్దయినా ఆరేడు సెంటీమీటర్లే, గుంపుగా తిరుగుతూ అడుగున ఇసుకలో మూతి పెట్టి వెతుక్కోవడమే దాని పని. తన గుడ్లు తప్ప ఇంకెవరి జోలికీ పోదు.

అసలు చిక్కంతా ఆ గుడ్లతోనే. గుడ్లు పెట్టేరోజు మగవి ఆడచేప వెంట ట్యాంకంతా తిరుగుతాయి, అది ఒక మగచేప పొట్టకు నోరు ఆనించి కాసేపు కదలకుండా ఉండిపోతుంది, తర్వాత పొట్ట కింది రెక్కల మధ్య కొన్ని గుడ్లు పట్టుకుని అద్దానికి అంటించడానికి బయలుదేరుతుంది. అలా నోరు ఆనించినప్పుడు అది మగచేప వీర్యాన్ని మింగుతుందని, పేగుల గుండా అది చకచకా బయటికి వచ్చి రెక్కల మధ్య ఉన్న గుడ్లను చేరుతుందని 1995లో జపాన్ పరిశోధకులు చెప్పారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే. గుడ్డు ఆవగింజంత, జిగురు మాత్రం గట్టిది. ఫిల్టర్ నీళ్లు పడే మూలలాంటి చోటు, అంటే నీళ్లు బాగా కదిలే చోటు చూసుకుని మరీ అంటిస్తుంది. అక్కడితో తల్లి పని అయిపోయింది, వదిలేస్తే కాసేపటికి తల్లీ తండ్రీ కలిసి వాటినే తినేస్తాయి. అందుకే పాత ఏటీఎం కార్డుతో మెల్లగా గీరి వేరే చోట పొదిగించాలి. ఆ వేరే చోట నీళ్లు కదలకపోతే రెండో రోజుకల్లా బూజు మొదలు. పనికిరాని గుడ్డు తెల్లబడుతుంది, దాని మీద బూజు లేస్తుంది, ఆ పోగులు పాకి పక్కనున్న మంచి గుడ్డును కూడా పట్టుకుంటాయి.

ఈ డబ్బా కొనకముందు నేను మామూలు ప్లాస్టిక్ డబ్బాలో బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ అనే నీలం మందు చుక్కలు వేసి, పొద్దునా సాయంత్రం సగం నీళ్లు మారుస్తూ పొదిగించేవాణ్ని. ఇది వచ్చాక ఆ సీసా మూత తీసే అవసరమే దాదాపు పోయింది. నీళ్లు ట్యాంకువే కాబట్టి కొత్త నీళ్లకు అలవాటు పడాల్సిన పని లేదు, గొట్టం మూతి దగ్గర గుడ్లు పరిస్తే ప్రతి గుడ్డు మీదుగా నీళ్లు పారుతూనే ఉంటాయి. అడుగున ఒక ఎండిన బాదం ఆకు వేస్తాను, మా వీధిలో రాలినదే, కడిగి. తెల్లబడినవాటిని రోజూ డ్రాపర్‌తో ఏరేయాలి, ఇంకేం చేయక్కర్లేదు. మంచి గుడ్లు మర్నాటికి, ఆ మర్నాటికి తేనె రంగుకి తిరుగుతాయి, 25-26 డిగ్రీల్లో నాలుగో రోజుకి అటూ ఇటూగా పగులుతాయి. మొదటి పిల్లల్ని చూసిన సంతోషంలో తెలిసినవాళ్లందరికీ ఇది కొనమని చెప్పాను. గుడ్ల వరకు ఇప్పుడూ అదే చెప్తాను.

పిల్లల సంగతి కొంచెం వేరు. పుట్టాక రెండు మూడు రోజులు పొట్ట కింద సొన ఉంటుంది, తిండి అక్కర్లేదు. అది కరిగాక ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పుట్టే రొయ్య లాంటి బుల్లి జీవుల్ని మేతగా వేస్తాం కదా, గుడ్లను కాపాడిన ఆ పారుదలే ఇప్పుడు తిండిని జల్లెడ గుండా ట్యాంకులోకి ఊడ్చుకుపోతుంది. పెద్ద చేపలకు విందు, పిల్లలకు పస్తు. కాబట్టి మేత వేసే ముందు పైపు మీది వాల్వ్ తిప్పి గాలి బాగా తగ్గించాలి, తినడం అయ్యాక మళ్లీ పెంచాలి, పెంచకుండా వదిలేయడానికీ లేదు, ఎందుకంటే ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది, చచ్చినవి అడుగున కుళ్లుతాయి. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండని వాళ్లకు ఇది కష్టం.

ఆర్టీమియా విషయంలో నా అదృష్టం ఏంటంటే మా బావ భీమిలి వైపు ఒక రొయ్యల హ్యాచరీలో పనిచేస్తాడు. ఆర్టీమియా గుడ్లు పగలాలంటే లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, 28 డిగ్రీల వేడి, ఆపకుండా గాలి, పైన లైటు, 24 గంటలు: లెక్క అతనిదే. తలకిందులుగా పెట్టిన కూల్‌డ్రింక్ సీసాలో చేస్తాను. "పెంకులు వేరు చెయ్యకుండా వేస్తే మాత్రం వెయ్యకపోవడమే నయం బావా" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పుట్టినవి వెలుతురు ఉన్న వైపు చేరతాయి, అక్కణ్నుంచి సన్న పైపుతో లాక్కోవాలి. ఆ పెంకులు డబ్బాలోకి వచ్చాయంటే జల్లెడ సందులు మూసుకుపోతాయి, లోపల మట్టం పెరిగి నీళ్లు అంచు మీదుగా నేల మీదికి కారతాయి. చెక్క స్టాండ్ ఉన్నవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు గోడు. మేముండేది విశాఖలో. వాతావరణ పీడనం తగ్గి, వాన పడి, నీళ్లు చల్లబడితే కోరీలు గుడ్లు పెడతాయని వీటిని పెంచేవాళ్లందరూ చెప్పుకుంటారు. మా ఇంట్లో అయితే వార్తలు చూసి చెప్పేయొచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు, నేను కాస్త చల్లటి నీళ్లతో ట్యాంకు నీళ్లు మారుస్తాను, తెల్లారేసరికి అద్దం మీద గుడ్లుంటాయి. అదే అల్పపీడనం వాయుగుండమైతే మా వైపు కరెంటు పోతుంది. అంటే ఈ డబ్బాకి కరెంటు ఎప్పుడు తప్పనిసరో సరిగ్గా అప్పుడే అది ఉండదు. ఎండాకాలంలో పంపు రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది, కానీ ఆ వేడిలో మా చేపలు గుడ్లే పెట్టవు.

ఒక ఏడాది అక్టోబరు చివర్లో అలాగే అయింది. డబ్బా నిండా గుడ్లు, చాలావాటిలో కళ్లు నల్ల చుక్కలుగా కనిపిస్తున్నాయి, కొన్ని అప్పటికే పగిలాయి. ఈదురుగాలి మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కదా అని ముందు టెన్షన్ పడలేదు, ఎయిర్ పంపు లాగేది నాలుగైదు వాట్లే. కానీ బ్యాటరీ పాతది, దాని మీదే ఫ్యాన్లూ లైట్లూ ఉన్నాయి. అది కూయడం మొదలుపెట్టగానే అమ్మ లేచి, "ఫ్యాను కట్టెయ్యి నాన్నా, మనం ఎలాగోలా ఉంటాం, అవి ఉండలేవు కదా" అంది. ఫ్యాన్లు కట్టేశాం, లైట్లు కట్టేశాం, ఆ పంపు ఒక్కటే చాలాసేపు నడిచింది, తర్వాత అదీ ఆగిపోయింది.

ఇక్కడ డబ్బా గురించి ఒక మంచి మాట చెప్పాలి: గాలి ఆగినా నీళ్లు వెనక్కి కారిపోవు, బయటికి పోయే దారి పైన ఉంది కాబట్టి నిండుగానే ఉంటుంది. చెడ్డ మాట కూడా ఉంది. లోపల ఉండేది మహా అయితే రెండు లీటర్లు, అవి కదలకుండా నిలబడిపోతే అన్ని గుడ్లకు, పిల్లలకు ప్రాణవాయువు ఎంతసేపు సరిపోతుంది? కింద ట్యాంకులో పెద్ద కోరీలకు భయం లేదు, అవి పైకొచ్చి గాలి మింగి పేగుతో ఊపిరి తీసుకోగలవు. గుడ్డుకి ఆ వీలు లేదు. టార్చి వెలుగులో స్టీలు గ్లాసుతో ట్యాంకు నీళ్లు తీసి గుడ్ల వైపు సన్నగా పోయడం మొదలుపెట్టాను, ఎక్కువైనవి జల్లెడ గుండా వాటంతటవే ట్యాంకులోకి పోయేవి. నేను, అక్క, అమ్మ వంతులు వేసుకున్నాం. కిటికీ రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి, ఎవరో ఒకరం పోస్తూనే ఉన్నాం. తెల్లారాక చూస్తే సగానికి పైగా గుడ్లు తెల్లబడ్డాయి. అప్పటికే బయటపడ్డ పిల్లలు మాత్రం చాలావరకు బతికి, ఒక మూలకు చేరి తోకలు ఆడిస్తున్నాయి. కరెంటు మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు.

డబ్బాతో వచ్చిన కాగితంలో గాలి ఆగిపోతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. మామూలుగా ఛార్జింగ్‌లో ఉండి, కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే చిన్న ఎయిర్ పంపులు దొరుకుతున్నాయి, ఆ తర్వాత అది కొన్నాను. తీరప్రాంతంలో ఉన్నవాళ్లు దాని ఖరీదు కూడా ఈ డబ్బా ఖరీదులో కలిపే లెక్కేసుకోండి.

ఆ రాత్రి వల్ల అనుకోకుండా తెలిసింది ఇంకోటి ఉంది. చాలా వారాల తర్వాత ట్యాంకులో దుంగ పక్కకు జరిపి పాత బాదం ఆకులు తీస్తుంటే కింది నుంచి కోరీ పిల్లలు చెదిరిపోయాయి. గ్లాసుతో పోసిన నీళ్ల జోరుకు జల్లెడ సందుల్లోంచి జారిపోయినవే అయ్యుండాలి. డబ్బాలోంచి కొట్టుకుపోయిన ఆర్టీమియా, ఆకుల మీద పెరిగే కంటికి కనిపించని పురుగులు తిని బతికాయి. నా ట్యాంకులో కోరీలు, నియాన్ టెట్రాలు తప్ప వేరే చేప లేదు కాబట్టి సరిపోయింది, ఏంజెల్ చేప ఉండుంటే ఒక్కటీ మిగిలేది కాదు. సంతోషంతో అక్కను కేకేసి పిలిచాను. కానీ డబ్బాలో పద్ధతిగా పెంచిన వాటి అన్నదమ్ములతో పోల్చి చూస్తే వీటి ఒళ్లు నిండుగా ఉంది, మీసాలు పొడవుగా ఉన్నాయి. డబ్బాలోవాటికి కొన్నింటికి మీసాలు అరిగి పొట్టిగా ఉన్నాయి. అడుగు ఇరుకు, ఎంత తీసినా మిగిలిన మేత మూలల్లో చేరుతుంది, పొద్దస్తమానం అడుగునే మూతి పెట్టే చేపకు దాని దెబ్బ ముందు తగిలేది మీసాలకే.

అప్పట్నుంచీ డబ్బాను పొదిగించడానికే ఉంచాను. సొన కరిగి, ఆర్టీమియా తినడం బాగా అలవాటయ్యాక, వారం పది రోజులకు పిల్లల్ని 20 లీటర్ల చిన్న ట్యాంకులోకి మారుస్తాను: స్పాంజ్ ఫిల్టర్, అడుగున పలచగా ఇసుక, కాస్త జావా మాస్ అనే నీటి నాచు, రెండు బాదం ఆకులు. పిల్లల్ని పెంచడానికి కూడా ఇదొక్కటే చాలని అమ్మేవాళ్లు చెప్పేది నా అనుభవంలో నిలబడలేదు.

నా మాట అందరికీ వర్తించకపోవచ్చు. నేను పొదిగించింది బ్రాంజ్ కోరీలనే, అవి ఒక్కసారే వందకు పైగా గుడ్లు పెడతాయి, కొన్ని పోయినా తట్టుకోగలం. పాండా కోరీల్లా కొద్దిగా పెట్టేవాటి సంగతి వాటిని పెంచినవాళ్లే చెప్పాలి. ఆర్టీమియాకు దగ్గర మనిషి ఉన్నాడు, ఇంట్లో పగలంతా అమ్మ ఉంటుంది, వాల్వ్ తిప్పడం ఆవిడకు నాకంటే బాగా వచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లయితే ముందు ట్యాంకు ఎండాకాలంలో ఎంత వేడెక్కుతుందో చూసుకోండి, ట్యాంకు నీళ్లే డబ్బాలోకి వస్తాయి కాబట్టి ఆ వేడి గుడ్లకూ తప్పదు. మాది గుడ్లు పెట్టే ఇల్లు, కరెంటు పోయే ఊరు కాబట్టి నేను దీన్ని బ్యాటరీ పంపుతోనే కొనమంటాను, అది లేకపోతే పాత పద్ధతిలో నీళ్లు మార్చుకోవడమే మేలు. జల్లెడ సందులు ఇంకాస్త సన్నగా, అడుగు ఇంకాస్త వెడల్పుగా చేసి, ఆ బ్యాటరీ పంపును కూడా అందులోనే పెట్టి ఎవరైనా అమ్మితే ధర ఎక్కువైనా కొంటాను.