నెల్లూరు, ఒంగోలు ఎండలకు ఏ చలువ కళ్లద్దాలు మేలు?

ఏప్రిల్ మొదలుకొని రోహిణి కార్తె వెళ్లేదాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆరుబయట పని చేసుకునేవారికి మజ్జిగ, గొడుగు, తలకు తువ్వాలు గుర్తుకు వచ్చినట్టుగా కళ్ల సంగతి గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినవారిలోనూ ఎక్కువమంది నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్కనో, ఒంగోలు బస్టాండు దగ్గరో అట్టకు గుచ్చి పెట్టిన జోళ్లలో ఒకటి తీసి, ముఖానికి నప్పిందనిపిస్తే నూట యాభై చెప్పినదాన్ని వందకు బేరమాడి తెచ్చుకుంటారు. కంటి విషయంలో లోభం పనికిరాదనుకునే మరికొందరు ఐదారు వేలు పోసి పేరుమోసిన విదేశీ బ్రాండు కొంటారు. ఈ రెండు దారుల్లో దేన్నీ నేను సిఫారసు చేయను. ఐదు వందల నుంచి పన్నెండు వందల రూపాయల లోపు, బిల్లు ఇచ్చే దుకాణంలో, యూవీ 400 అని స్పష్టంగా రాసి ఉన్న, కంటి పక్కలను కూడా కప్పే జోడు మనలో చాలామందికి చాలు. నీళ్ల దగ్గర, హైవే మీద పొద్దంతా గడిపేవారు మాత్రం మరో ఐదారు వందలు వేసుకొని నీటి మీది, రోడ్డు మీది తళుకును తగ్గించే పోలరైజ్డ్ రకం తీసుకోవడం మంచిది.

కంటికి హాని చేసేది మనల్ని కళ్లు చికిలించేలా చేసే వెలుగు ఒక్కటే కాదు. దానితోపాటు కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) కిరణాలు కూడా వస్తాయి. వాటిలో తరంగదైర్ఘ్యం, అంటే అల పొడవు, 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-బి కిరణాలను కంటి ముందుభాగంలోని పారదర్శకపు పొర (కార్నియా) చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది; 315 నుంచి 400 దాకా ఉండే యూవీ-ఎ కిరణాలు లోపలి కటకం వరకు చేరుతాయి. ఏళ్ల తరబడి ఇవి సోకుతూ ఉంటే శుక్లాలు త్వరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి కండలాగా పాకి నల్లగుడ్డు మీదికి వచ్చే టెరీజియం అనే పొర కూడా ఎండలో, గాలిలో, దుమ్ములో పని చేసేవారికే ఎక్కువగా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సముద్రతీరంలోని పొడి ఇసుక ఈ కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, అలల నురగ సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి. కాబట్టి మైపాడులోనో కొత్తపట్నంలోనో తీరాన నిలబడినవారి కళ్లకు ఎండ పైనుంచే కాక కింది నుంచి కూడా తగులుతుంది. యూవీ 400 అనే మాటకు అర్థం, 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలన్నింటినీ ఆ అద్దం ఆపుతుందని.

ఇక వంద రూపాయల జోడు, వెయ్యి రూపాయల జోడు మధ్య తేడా చూద్దాం. బండి మీద అమ్మేవన్నీ పనికిరానివని చెప్పడం న్యాయం కాదు. వాటిలో కొన్ని పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి ఉంటాయి, ఆ ప్లాస్టిక్‌కు అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపే గుణం సహజంగానే ఉంది. ఏ మందూ కలపని చవక అక్రిలిక్‌తో చేసినవి కూడా అదే అట్ట మీద ఉంటాయి, వాటిలోంచి యూవీ-ఎ బాగానే లోపలికి వస్తుంది. చేత్తో పట్టుకొని చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అమ్మే అతనికి కూడా తెలియదు, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అద్దం మీద అంటించిన యూవీ 400 స్టిక్కరు కట్టలు కట్టలుగా విడిగా దొరికే వస్తువు కాబట్టి దాన్ని నమ్మడానికి లేదు. పైగా నల్లటి అద్దం వెనక కన్ను నీడలో ఉన్నాననుకొని తన పాపను పెద్దది చేసుకుంటుంది. ఆ అద్దం కిరణాలను ఆపని రకమైతే, తెరుచుకున్న ఆ పాపలోంచి అవి మరింత ఎక్కువగా లోపలికి పోతాయి. అద్దాలు లేనప్పుడు కనీసం కన్ను చికిలించి తనను తాను కాపాడుకుంటుంది. అందుకే అనుమానమున్న నల్లద్దాలు పెట్టుకోవడం కంటే ఏమీ పెట్టుకోకపోవడమే ఒక్కోసారి నయమని నా అభిప్రాయం.

ఐదు వందలు దాటిన దగ్గర నుంచి ఈ అనుమానం చాలావరకు తీరుతుంది. టైటాన్ వారి ఫాస్ట్‌ట్రాక్, డెకత్లాన్ వారి కొండలెక్కేవారి రకాలు, లెన్స్‌కార్ట్ వారి సొంత బ్రాండ్లు ఈ ధరలకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. వీటిలో చాలావాటి మీద రక్షణ వివరం, వెలుగును ఎంత ఆపుతుందో చెప్పే కేటగిరీ అంకె అచ్చువేసి ఉంటాయి, చేతికి బిల్లు వస్తుంది, మాట తప్పితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. మనం అదనంగా ఇచ్చే నాలుగు వందలు ఆ భరోసాకే.

ఇప్పటికే ఇంట్లో ఉన్న జోడు సంగతి తెలుసుకోవాలంటే కళ్లద్దాల దుకాణానికి తీసుకువెళ్లి అడగండి. యూవీ మీటరు ఉన్నచోట అద్దాన్ని దాని మీద పెట్టగానే ఎంత శాతం కిరణాలు దాటుతున్నాయో అంకె కనిపిస్తుంది. అది దొరకకపోతే దొంగనోట్లను పట్టడానికి దుకాణాల్లో వాడే యూవీ లైటుతో ఇంకో పరీక్ష చేయవచ్చు. ఆ లైటు కింద ఐదు వందల నోటు పెడితే దానిలోని సన్నని పోగులు, నోటు నంబరు ఉన్న భాగం మెరుస్తాయి. లైటుకు, నోటుకు మధ్య కళ్లజోడు అద్దాన్ని అడ్డంగా ఉంచి, నోటును మాత్రం అద్దం లోంచి కాకుండా పక్క నుంచి నేరుగా చూడాలి. మెరుపు పూర్తిగా ఆరిపోతే ఆ కిరణాలను అద్దం ఆపుతోందన్నమాట. మెరుపు అలాగే ఉంటే ఆ జోడును పక్కన పడేయవచ్చు. అయితే ఇలాంటి లైట్లు ఎక్కువగా 365 నానోమీటర్ల దగ్గర వెలిగేవి కాబట్టి, ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన 400 దాకా రక్షణ ఉందని రుజువైనట్టు కాదు. ఈ పరీక్షలో తప్పిన జోడు మాత్రం పనికిరానిదే.

అద్దం నాణ్యత చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. జోడును చేయి చాచినంత దూరంలో పట్టుకొని, ఒక అద్దం లోంచి తలుపు వాకిలి నిలువు అంచును చూస్తూ, జోడును మెల్లగా అటూ ఇటూ జరపండి. అంచు నిటారుగా నిలిస్తే మంచిది. అది పాము పాకినట్టు వంకర తిరిగితే ఆ అద్దం పోతపోయడంలోనే లోపం ఉంది, రెండు గంటలు పెట్టుకుంటే తలనొప్పి ఖాయం. చవక జోళ్లలో చాలావాటి బండారం ఇక్కడే బయటపడుతుంది.

ఎంత నల్లగా ఉంటే అంత రక్షణ అనే నమ్మకాన్ని మానుకోవాలి. రంగు వెలుగును తగ్గిస్తుంది తప్ప అతినీలలోహిత కిరణాలను ఆపే పని దానిది కాదు. ఏ రంగూ లేకుండా కనిపించే అద్దం కూడా వాటిని ఆపగలదు. కేటగిరీ 3 అంటే వచ్చిన వెలుగులో 8 నుంచి 18 శాతమే కంటికి చేరనిస్తుంది, మన ఎండకు అది సరిగ్గా సరిపోతుంది. కేటగిరీ 4 అంతకంటే నలుపు, దానితో బండి నడపకూడదు. బూడిద (గ్రే), గోధుమ రంగులు రెండూ మంచివే కానీ, బూడిద రంగు అద్దంలో సిగ్నలు దీపాలు, పంట ఆకుల రంగు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి నేను దాన్నే ఎంచుకుంటాను. ఏ కేటగిరీ జోడుతోనైనా సూర్యుణ్ణి నేరుగా చూడడం, గ్రహణం చూడడం, వెల్డింగు దగ్గర నిలబడడం ప్రమాదమే.

పోలరైజ్డ్ రకం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు దాన్ని అన్నింటికంటే గొప్పదిగా చెబుతారు, కొనేవారు దాన్నే యూవీ రక్షణగా పొరబడతారు. ఈ రెండూ వేర్వేరు. నీటి మీద, తడి తారు మీద, కారు బానెట్టు మీద పడి వాలుగా ఎగిరి వచ్చే వెలుగు చాలావరకు అడ్డంగా మాత్రమే కంపిస్తుంది. అద్దంలో ఇమిడిన సన్నని పొర ఆ అడ్డం కంపనాలను ఆపి, నిలువువాటినే లోపలికి పోనిస్తుంది. దానివల్ల కళ్లు చెదిరే తళుకు పోయి, దాని కింద ఉన్నది కనిపిస్తుంది. రొయ్యల గుంటల గట్టు మీద నిలబడి చూస్తే ఈ తేడా వెంటనే తెలుస్తుంది: మామూలు జోడుతో నీటి పైభాగం తగరపు రేకులా మెరుస్తూనే ఉంటుంది, పోలరైజ్డ్ జోడుతో గట్టు దగ్గర నీటి రంగు, అంచున చేరిన నాచు, పైకి వచ్చి తిరుగుతున్న రొయ్య కనిపిస్తాయి. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి పైకి తేలిన రొయ్యను చూడడానికి ఏ జోడూ అక్కర్లేదు కానీ, పగలు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మధ్య నీటి తీరును గమనించేవారికి ఇది పనికివచ్చే పెట్టుబడి. వలలు వేసేవారికి, ఇస్కపల్లి ఉప్పు మళ్లలో పని చేసేవారికి, 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి నుంచి ఒంగోలు దాకా మధ్యాహ్నం పూట లారీ నడిపేవారికి కూడా నేను ఇదే చెబుతాను. దుకాణంలో కూర్చొని లెక్కలు రాసుకుంటూ మధ్యలో ఓసారి బయటికి వెళ్లేవారికి దీని అవసరం లేదు.

పోలరైజ్డ్ అని చెప్పి మామూలుది అంటగట్టడం కూడా ఉంది. పరీక్ష సులువు. దుకాణంలో గల్లా మీద ఉండే క్యాలిక్యులేటరు మీద ఏదో ఒక అంకె నొక్కి, దాని తెర ముందు అద్దాన్ని గుండ్రంగా తిప్పండి. తిప్పుతుండగా ఒక చోట అంకె కనిపించకుండా తెర మొత్తం నల్లబడితే ఆ అద్దం నిజంగా పోలరైజ్డ్. ఈ గుణమే ఒక ఇబ్బంది కూడా: కొన్ని ఫోన్ల, కొన్ని బండ్ల మీటర్ల తెరలు ఆ జోడులోంచి చూస్తే మసకబారతాయి. కొనేముందు మీ ఫోను, మీ బండి మీటరు చూసుకోండి. ఇంకొక మాట, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ఈ జోడును వదిలేస్తే పొరలు విడిపోయి బుడగలు వస్తాయి. చవక పోలరైజ్డ్ జోళ్లకు మన ఎండాకాలంలో ఇది త్వరగా జరుగుతుంది.

ఐదారు వేల జోడు విషయం తొందరగా తేలిపోతుంది. 1937లో అమెరికాలో మొదలైన రేబాన్ వంటి బ్రాండ్లలో ఫ్రేము గట్టిదనం, అద్దం స్పష్టత, పేరు ఉన్నాయి, ఆ మాట కాదనలేం. కానీ 400 నానోమీటర్ల దాకా ఆపడం అనే పనిలో అవి వెయ్యి రూపాయల మంచి జోడు కంటే ఎక్కువ చేసేదేమీ లేదు. పైగా వాటి నకళ్లు అసలును తలదన్నేలా వస్తున్నాయి. సగం ధరకు అసలైన రేబాన్ అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి కదలడం మేలు.

ధర కంటే ఆకారం మీద ఎక్కువ పట్టింపు ఉండాలని నేను గట్టిగా అంటాను. చిన్న గుండ్రటి అద్దాలు ఎంత మంచివైనా, పైనుంచి, పక్కల నుంచి దూరే కిరణాలను ఆపలేవు. కణతల వైపు వంగి ముఖాన్ని చుట్టుకునే జోడు, దానికి తోడు అంచున్న టోపీ ఉంటే చాలా తేడా వస్తుంది. హెల్మెట్ పెట్టుకునేవారు సన్నగా, నిటారుగా ఉండే కాడలున్న జోడును, హెల్మెట్ వెంట తీసుకువెళ్లి వేసుకు చూసి కొనాలి. లావు కాడలు చెవుల పైన నొక్కి నొప్పి పుట్టిస్తాయి, ఆ తర్వాత జోడు బండి డిక్కీలోనే ఉండిపోతుంది.

ఈ ఆకారమే ముఖ్యమనుకునేవారికి, చేతిలో మూడు వందలకు మించి లేనివారికి, చాలామందికి తట్టని ఒక దారి ఉంది. ఫ్యాక్టరీలకు సరుకు సరఫరా చేసే సేఫ్టీ పరికరాల దుకాణాల్లో త్రీఎం వంటి కంపెనీల నల్లద్దాల సేఫ్టీ గాగుల్స్ రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతాయి. ఇవి పాలికార్బొనేట్‌వి, ముఖాన్ని చుట్టుకుంటాయి, రాయి ముక్క ఎగిరి తగిలినా సులభంగా పగలవు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పని చేసేవారికి మామూలు చలువ అద్దాలు అసలు పనికిరావు, దెబ్బకు అవి చిట్లి కంట్లోనే గుచ్చుకోవచ్చు. వారికి ఇవి తప్పనిసరి. వాటి ప్యాకెట్టు మీద యూవీ వివరం ఉందో లేదో చూసుకొని, పొలం పనికి, బైకు ప్రయాణానికి కూడా వీటిని నిశ్చింతగా వాడవచ్చు. అందం కొంత తక్కువే, అయినా వంద రూపాయల రోడ్డు పక్క జోడుకు అసలైన పోటీ ఇదేనని నేను నమ్ముతాను.

పిల్లల కంటి కటకం పెద్దవారి కటకం కంటే ఎక్కువ కిరణాలను లోపలికి పోనిస్తుంది కాబట్టి, తిరునాళ్లలో కొనిచ్చే రంగురంగుల బొమ్మ కళ్లద్దాలను ఎండలో పెట్టనివ్వకండి. వారికి టోపీ, నీడ ముందు. జోడు కొంటే పెద్దవారికి చూసినంత జాగ్రత్తగా చూసి కొనాలి.

చూపు తక్కువై పవర్ అద్దాలు వాడేవారికి మూడు దారులున్నాయి. మొదటిది ఎండలో తమంతట తామే నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు. నడిచి తిరిగేవారికి ఇవి హాయిగా ఉంటాయి, యూవీని బాగా ఆపుతాయి. అయితే అవి నల్లబడేది ఆ కిరణాలు సోకినప్పుడే, కారు ముందు అద్దం ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అందువల్ల స్టీరింగ్ పట్టుకున్నప్పుడు అవి తగినంత నల్లబడవు. ఇంకా, వేడి పెరిగినకొద్దీ వాటి నలుపు తగ్గుతుంది, అంటే మే నెల ఒంగోలు మధ్యాహ్నంలో అవి తమ శక్తిలో కొంత కోల్పోతాయి. రెండోది మన పవర్‌తోనే విడిగా చేయించుకునే రంగు అద్దాలు. మామూలు ఫ్రేములో 85 శాతం టింట్, దానితోపాటు యూవీ 400 రక్షణ కావాలని విడిగా అడగాలి, ఎందుకంటే ప్లాస్టిక్ అద్దానికి రంగు వేసినంత మాత్రాన ఆ రక్షణ రాదు. మూడోది ఉన్న జోడు మీద తగిలించుకునే క్లిప్. రెండు మూడు వందలకే పోలరైజ్డ్‌ది కూడా దొరుకుతుంది కానీ, తరచూ తీసి పెట్టడంలో పవర్ అద్దం మీద గీతలు పడతాయి, పక్కలు కప్పదు. రోజూ బండి నడిపేవారికి నేను రెండోదాన్నే మేలంటాను. పొద్దు గుంకాక ఆ రంగు అద్దాలతో నడపకూడదు కాబట్టి మామూలు జోడును కూడా బండిలో ఉంచుకోవాలి.