మోయాబ్‌లో జీపు ట్రైల్స్: ఏది బాగుంది, ఎక్కడ ఉండాలి

అమెరికాలోని యూటాలో మోయాబ్ అనగానే అందరూ ఆర్చెస్ నేషనల్ పార్క్ చూసి వచ్చేయమంటారు కానీ, ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేతిలో ఉంటే అసలు మజా అంతా ఊరి చుట్టూ ఉన్న ట్రైల్స్‌లోనే ఉందండి. ఈస్టర్ ముందు వారం మాత్రం వద్దు, 1967 నుంచి జరుగుతున్న ఈస్టర్ జీప్ సఫారీ అప్పుడే, దేశం నలుమూలల నుంచీ బండ్లు దిగిపోతాయి, రూమ్ దొరకడం కష్టం. మేం ఆ హడావిడి తగ్గాక వెళ్ళాం.

ముందు అద్దె జీపు సంగతి. ఒక షాపులో సంతకాలు పెట్టించుకుని తాళాలు చేతిలో పెట్టేశారు, టైర్లలో గాలి ఎంత ఉంచాలని అడిగితే అలాగే పోనివ్వండి అన్నాడు, ఆ మాటకే అక్కడి నుంచి వచ్చేశాం. రెండో షాపులో అమ్మాయి పార్కింగ్‌లోనే లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) వేయించి, గాలి 20 పీఎస్ఐ దాకా తీయించి, తిరిగి నింపుకోడానికి కంప్రెసర్ కూడా ఇచ్చింది. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని గట్టిగా పట్టుకుంటుంది, చక్రం ఒకేచోట గిరగిరా తిరగదు, అప్పుడు దారి కూడా గోతులు పడదు. రేటు కొంచెం ఎక్కువైనా నేనైతే ఇలా చెప్పేవాళ్ళకే ఇస్తాను.

ఊరి పక్కనే ఉన్న శాండ్ ఫ్లాట్స్‌లో హెల్స్ రివెంజ్ అనే ట్రైల్ ఎక్కితే గుండె నోట్లోకి వస్తుంది, రెండు పక్కలా జారిపోయే ఇసుకరాతి వీపుల మీద బండి నడపాలి, ముందు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. రాతి మీద పెయింట్ గుర్తులు వేసి ఉంటాయి, వాటిని వదలొద్దు. మధ్యమధ్యలో రాతి గుంటల్లో వాన నీళ్ళు నిలిచి ఉంటాయి, వంగి చూస్తే అందులో పిసరంత రొయ్యల్లాంటివి ఈదుతుంటాయి, టైరు పెడితే వాటి పని అంతే. కొత్తవాళ్ళు జీపు క్లబ్ వాళ్ళతో వెళ్ళడం మంచిది. మేం వెళ్ళిన గ్రూపులో ముందు ఒక లీడర్, చివర ఒక బండి, ఎక్కుతున్న బండికి దారివ్వడం దగ్గర్నుంచి ప్రతిదీ ఓపిగ్గా చెప్పారు, ఆగిన ప్రతిచోటా ఎవరో వదిలేసిన చెత్త కూడా ఏరారు.

బస విషయానికొస్తే శాండ్ ఫ్లాట్స్ క్యాంపుల్లో టాయిలెట్లు ఉన్నాయి, నీళ్ళు లేవు. రాత్రి నక్షత్రాలు చూడాలంటే అదే, పిల్లలుంటే ఊళ్ళో మోటెల్ నయం.

నాకు అన్నిటికన్నా నచ్చింది కేనియన్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌లోని వైట్ రిమ్. 100 మైళ్ళ చుట్టు దారి, ఒక్క పగలు వెళ్ళొచ్చినా పర్మిట్ ఉండాల్సిందే, ఏటీవీలు, యూటీవీలు లాంటి చిన్న ఆఫ్‌రోడ్ బండ్లు రానివ్వరు, కుక్కని బండిలో కూర్చోబెట్టుకున్నా ఒప్పుకోరు, తాగే నీళ్ళు మొత్తం మనమే మోసుకెళ్ళాలి. వైట్ రిమ్‌లోకి దిగే షేఫర్ మలుపుల్లో ఎదురు బండి వస్తే కాస్త వెడల్పున్న చోట ఆగి ఉండటమే. ఒక మలుపు దగ్గర నల్లగా, గరుగ్గా బుడిపెలు బుడిపెలుగా ఉన్న నేల చూశాం, నాచు, లైకెన్‌లు, కంటికి కనపడని సయానోబ్యాక్టీరియా కలిసి ఇసుకని కదలకుండా పట్టి ఉంచే పొర అది. దాని మీదుగా రెండు టైర్ల చారలు నేరుగా పోయాయి, ఎవరో పది అడుగులు కలిసొస్తాయని అడ్డంగా కోసుకుపోయారు. అది మళ్ళీ అతుక్కోడానికి దశాబ్దాలు పడుతుందట. చూసి నిజంగా కడుపు మండింది.

ఎందుకంటే 2023లో మోయాబ్ దగ్గర లాబరింత్, జెమినీ బ్రిడ్జెస్ ఏరియాలో ప్రభుత్వ భూములు చూసుకునే కేంద్ర సంస్థ బీఎల్‌ఎం 317 మైళ్ళ దారులు బండ్లకి మూసేసింది. జీపు వాళ్ళు గట్టిగానే వ్యతిరేకించారు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఏళ్ళ తరబడి జాగ్రత్తగా తిరిగినవాళ్ళకి కూడా దారి పోయింది కదా. కానీ ఇలాంటి చారలు కనపడుతుంటే మనవైపు మాట ఎవరు వింటారు?

వెళ్ళేవాళ్ళు ముందు ఊరి మధ్యలో ఉన్న మోయాబ్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కి వెళ్ళి, ఏ దారి తెరిచుందో కనుక్కోండి, బీఎల్‌ఎం మ్యాప్‌లో లేని దారిలోకి, చక్రాల గుర్తులు కనపడినా సరే, బండి తిప్పొద్దు. వైట్ రిమ్ క్యాంపులకి స్ప్రింగ్‌లో పోటీ ఎక్కువ కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. జూలైలో మాత్రం పెట్టుకోకండి, ఎండ 100 ఫారెన్‌హీట్ దాటుతుంది, ఆ దారిలో నీడనేదే దొరకదు.