పర్లాకిమిడిలో గ్రంథాలయం కట్టాలంటే: ర్యాట్ ట్రాప్ గోడా, మట్టి ఇటుకా?

ఊరి గ్రంథాలయాన్ని తక్కువ ఖర్చులో కట్టే ఈ రెండు పద్ధతులనూ లాభాపేక్ష లేని సంస్థలే జనంలోకి తెచ్చాయి. 1985లో కేరళ మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మేనన్, ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్, వాస్తుశిల్పి లారీ బేకర్ తదితరులు త్రిసూర్‌లో పెట్టిన కాస్ట్‌ఫోర్డ్ సంస్థది ర్యాట్ ట్రాప్ గోడ. 1989లో కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ రుణసంస్థ హడ్కో చేయూతతో మొదలైన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌ది ప్రెస్సులో నొక్కిన మట్టి ఇటుక.

ర్యాట్ ట్రాప్‌లో ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. తొమ్మిదంగుళాల గోడలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పాతిక శాతం ఆదా, ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. మాలు (ఇటుకలను అతికే సిమెంటు ముద్ద) ఆ ఖాళీలోకి జారితే మాత్రం గాలిపొర పోయినట్టే. అందుకే ప్రతి వరసలో ఖాళీ మీద చెక్కపట్టీ పెట్టి మాలు వేయాలి. వంకర ఇటుకతో ఈ పని వద్దే వద్దు. కిటికీ అడుగున, లింటెల్ (కిటికీ, తలుపుల పైన అడ్డంగా వేసే దిమ్మె) కింద వరసలు ఖాళీ లేకుండా కట్టాలి.

మట్టి ఇటుకకు 5 శాతం సిమెంటు చాలు, కాల్చక్కర్లేదు, 28 రోజులు తడపాలి. ప్రాణమంతా మట్టిలోనే ఉంది. గాజు సీసాలో పావు వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. తేరిన మట్టిలో ఇసుక సగం, బంక అయిదో వంతు కనిపిస్తే మంచిది. బంక ఎక్కువైతే ఇటుక ఆరేటప్పుడు పగులుతుంది, ఇసుక కలపాలి. నల్లరేగడికి సిమెంటు కన్నా సున్నం నయం.

పునాది తవ్విన ఎర్రమట్టి పరీక్షకు నిలిస్తే మా ఓటు మట్టి ఇటుకకే. అయితే తుపాను జల్లు గోడకు కొట్టకుండా చూరు రెండున్నర అడుగులు బయటికి దించండి.