ఊరు వెలేసిన ఇంటికి తోడు నిలబడాలా, కేసు పెట్టాలా?

నిజామాబాద్, జగిత్యాల వైపు ఊరి పెద్దలే నడుపుకునే గ్రామాభివృద్ధి కమిటీ ఫలానా కుటుంబాన్ని వెలేసిందని, వాళ్ళతో మాట్లాడినవాళ్ళకూ జరిమానా అని పేపర్లో వస్తూనే ఉంటుంది. (అభివృద్ధి అట, పేరు చూడండి.) పక్కింట్లో ఉన్న మనం ఏం చేయాలి?

ఖర్చు: పలకరిస్తే జరిమానా పడొచ్చు. ఫిర్యాదుకు ఫీజు లేదు, కానీ స్టేషన్ చుట్టూ తిరిగి కూలి పోతుంది.

రిస్క్: ఒక్కరే వెళ్తే రేపు మీ ఇల్లూ వెలి. నాలుగిళ్ళు కలిసి వెళ్తే మాత్రం ఎవర్ని వెలేయాలో కమిటీకే అర్థం కాదు. కేసు పెడితే రాజీ పడమని పెద్దమనుషుల ఒత్తిడి తప్పదు.

ఫలితం: మా ఊళ్ళో అలాంటి ఇంటికి కిరాణా కొట్టులో ఉప్పు ప్యాకెట్ కూడా ఇవ్వలేదు, పొద్దుగూకినాక మా అమ్మ గోడ మీద నుంచి పాలగిన్నె అందించేది, అవతల చేతులు వణికేవి. ఆ పని ఏ కేసూ చేయదు. కానీ పాలగిన్నెతో వెలి ఆగలేదు కూడా.

బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే కేసుకే బలమెక్కువ: 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చాక సామాజిక బహిష్కరణ నేరుగా నేరమే.

మాటలు, సరుకులు ఆపితే ముందు నాలుగిళ్ళను కూడగట్టండి. నీళ్ళు ఆపినా, చెయ్యి లేచినా ఆలోచించకుండా 100కు ఫోన్ కొట్టండి.