ఆరు మోటార్ల ప్రొక్లెయినర్‌తో రెండున్నరేళ్లు

లెగో ముక్కలతో కట్టిన ఈ బొమ్మ ప్రొక్లెయినర్‌కు మొదటి పిన్ను గుచ్చిన రోజు నుంచి లెక్కేస్తే రెండున్నరేళ్లు దాటింది. రాత్రిపూట గంటా రెండు గంటలు కూర్చుంటూ కట్టడానికే నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత నుంచి అది నడుస్తూనే ఉంది. మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు విప్పి మళ్లీ బిగించానో లెక్క లేదు. ఇలాంటి పెద్ద మోడళ్ల గురించి కట్టిన వారంలోపు రాసిన మాటలు చాలా చదివాను. నాకు అసలు పాఠాలు చెప్పింది మాత్రం ఆరో నెల తర్వాత వచ్చిన తిప్పలే. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ముందు ఇది ఏమిటో చెప్తాను. లెగో టెక్నిక్ ముక్కలతో కట్టిన, గొలుసు పట్టీల మీద నడిచే ప్రొక్లెయినర్. కంపెనీ సెట్ కాదు. ఒక అభిమాని గీసి పెట్టిన ప్లాన్ తీసుకుని, ముక్కలు విడివిడిగా సమకూర్చుకుని కట్టాను. మొత్తం 2,640 ముక్కలు. నడవడానికి రెండు పెద్ద ఎక్స్ఎల్ మోటార్లు, పైభాగం గిర్రున తిరగడానికి ఒకటి, చేతికీ మోచేతికీ బకెట్‌కీ ఒక్కొక్కటి, వెరసి ఆరు. బ్యాటరీలతో కలిపి తూకం వేస్తే మూడు కిలోల పైనే. పోల్చుకోవడానికి చెప్తున్నాను: లెగో 2010లో తెచ్చిన 8043 నంబరు ప్రొక్లెయినర్‌లో 1,123 ముక్కలు, నాలుగు మోటార్లు. 2019లో వచ్చిన లీబ్‌హెర్ ఆర్ 9800లో 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. నాది ఆ రెండింటికీ మధ్యలో నిలబడుతుంది.

ముక్కలు పోగుచేయడం మీద ఎక్కువ రాయను. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. వాడిన ముక్కలు కొంటే బీములు (వరసగా కన్నాలున్న కడ్డీలు), ప్యానెళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఇరుసులూ పిన్నులూ మాత్రం చేతిలోకి తీసుకుని చూడాలి. ఇరుసును కంటి ముందు పొడవునా పట్టుకుంటే అంచులు తిన్నగా వెళ్తున్నాయో, మెలి తిరిగాయో తెలిసిపోతుంది. పిన్నుల్లో నల్లవి బిగుతుగా పట్టేవి, బూడిద రంగువి వదులుగా తిరిగేవి. కీలు ఉన్నచోట నల్లది గుచ్చితే మోటారు సగం బలం ఆ రాపిడికే పోతుంది. కొరత పడి ఒక వంద పిన్నులు వేరే తయారీవి తీసుకున్నాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నాయి, గుచ్చితే మాత్రం వెంట్రుకవాసి లావు. వాటిని బయటికి లాగడానికి గోళ్లు అరిగాయి. చివరికి అన్నీ పక్కన పెట్టేశాను.

కట్టడంలో అన్నిటికంటే ఎక్కువ రోజులు తినేసింది చెయ్యి, అంటే బూమ్. దాన్ని పైకెత్తేవి రెండు లీనియర్ యాక్చుయేటర్లు. నిజం బండిలో హైడ్రాలిక్ సిలిండర్ ఉండే చోట ఇవి ఉంటాయి. లోపల మరలాంటి కడ్డీ తిరుగుతుంటే గొట్టం పొడుగవుతుంది. చివరికంటా వెళ్లాక కూడా మోటారు తిప్పుతూనే ఉంటే ఏమీ విరగకుండా లోపలి క్లచ్ జారుతుంది, టకటకమని చప్పుడు చేస్తుంది. 2008 నుంచి టెక్నిక్‌లో ఉన్న ముక్క ఇది. నా దృష్టిలో ఈ మోడల్‌కు ప్రాణం అదే.

నేను చేసిన తప్పు ఇక్కడే. రెండింటినీ కంటితో చూసి, ఒకే పొడవున్నాయనుకుని గేర్లకు తగిలించేశాను. ఒకటి రెండోదానికంటే ఒక చుట్టు ముందుంది. బొమ్మ బాగానే లేచింది, దిగింది. నెల తర్వాత ఒక సాయంత్రం వెనకనుంచి చూస్తే బూమ్ కొద్దిగా ఎడమకు వాలి ఉంది. పైకి చివరిదాకా ఎత్తితే కుడిపక్క క్లచ్ ఒక్కటే టకటకమంటోంది, ఎడమది నిశ్శబ్దం. అంటే ఒకటి చివరికి చేరి ఆగిపోయింది, రెండోది ఇంకా తోస్తోంది, మధ్యలో బూమ్ మెలి పడుతోంది. దాన్ని సరిచేయడానికి పైభాగం మొత్తం విప్పాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఒకటే పద్ధతి. గేరు కలపకముందే రెండిటినీ విడివిడిగా వేళ్లతో తిప్పి, క్లచ్ టక్కుమనేదాకా పూర్తిగా మూసేస్తాను. రెండూ టక్కుమన్నాకే గేరు పెడతాను. రెండు నిమిషాల పని. ప్లాన్‌లో ఈ మాట ఎక్కడా లేదు. ఉండాల్సింది.

ఇక నడక సంగతి. ఎక్కువగా చెప్పాల్సింది ఇదే.

గొలుసు పట్టీలు గట్టి ప్లాస్టిక్ లింకులు. నున్నటి నేల మీద పెడితే బండి కదలదు, పట్టీలు మాత్రం ఉన్నచోటే తిరుగుతుంటాయి. లింకులకున్న కన్నాల్లో గుచ్చుకునే చిన్న రబ్బరు ముక్కలు దొరుకుతాయి. ఉత్సాహం కొద్దీ ప్రతి లింకుకూ గుచ్చాను. పట్టు అద్భుతంగా వచ్చింది. నాలుగైదు పుస్తకాలు పేర్చి మెట్టులా పెడితే కూడా ఎక్కేసింది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

రెండు వారాలు గడిచాయో లేదో, ఉన్నచోట తిరిగేటప్పుడు కింద నుంచి కరకరమనే చప్పుడు మొదలైంది. ఒక పట్టీ ముందుకు, ఒకటి వెనక్కు తిప్పితే బండి ఉన్నచోటే తిరగాలి కదా. అప్పుడు పట్టీ నేల మీద పక్కకు ఈడ్చుకుంటూ వెళ్లాలి. రబ్బరు వేశాక అది ఈడ్చుకోనివ్వదు. ఆ భారమంతా గేరు పళ్ల మీదా ఇరుసు మీదా పడుతుంది. బండిని బోర్లా తిప్పి, అడుగు ప్యానెల్ విప్పి, కుడిపక్క ఇరుసు లాగి మా అమ్మాయి చేతికిచ్చాను. దాన్ని బల్ల అంచు మీద దొర్లించి చూసి, "నాన్నా, ఇది జిలేబీలా తిరిగిపోయింది" అంది. 10 కన్నాల పొడవున్న నల్ల ఇరుసు. ఈ ఇరుసుల కొస చూస్తే ప్లస్ గుర్తులా ఉంటుంది. ఒక కొసలో ప్లస్ గుర్తు నిటారుగా ఉంటే, రెండో కొసలో అది వాలి ఉంది. అక్కడే ఉన్న 8 పళ్ల చిన్న గేరులో రెండు పళ్లు అంచులు తెల్లబడి చెదిరాయి.

రబ్బరును తప్పుపట్టి తీసేస్తే సమస్య తీరేది, కానీ బండి మళ్లీ నున్నటి నేల మీద కదలని బొమ్మ అయిపోయేది. కాబట్టి ప్లాన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎక్స్ఎల్ మోటారు భారం లేకుండా నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది. ప్లాన్ ప్రకారం మోటారు పక్కనే 8 పళ్ల గేరుతో 24 పళ్ల గేరును తిప్పి వేగాన్ని మూడోవంతుకు తగ్గించారు. వేగం మూడోవంతైతే తిప్పే బలం మూడింతలు. ఆ మూడింతల బలం అంత పొడవాటి ఇరుసు గుండా పట్టీ చక్రం దాకా ప్రయాణించాలి. మెలి తిరగక ఏం చేస్తుంది? వేగం తగ్గించాల్సింది మోటారు దగ్గర కాదు, చివర్లో, చక్రం పక్కన. అప్పుడు పొడవాటి ఇరుసు మీద పడేది మోటారు సొంత బలం మాత్రమే. పెద్ద బండి కట్టేవాళ్లకి నేను చెప్పగలిగిన అతి ముఖ్యమైన విషయం ఇదే. మోటారు చాలడం లేదని పెద్ద మోటారు వెతికేముందు, బలం ఏ ఇరుసు మీదుగా పోతోందో చూడండి.

అలా మార్చేటప్పుడే 8 పళ్ల గేరునూ వదిలించుకున్నాను. దాని బదులు 12 పళ్ల గేరుతో 20 పళ్ల గేరు, అలాంటి జతలు ఒకదాని తర్వాత ఒకటి, అంటే రెండు మెట్లు. లెక్కేస్తే మూడింతలకు బదులు 2.78 వస్తుంది, పెద్ద తేడా లేదు. ఈ ముక్కల అమరికలో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడ అక్కరకొచ్చింది. బీము మీద కన్నానికీ కన్నానికీ మధ్య దూరం ఎప్పుడూ 8 మిల్లీమీటర్లే. రెండు గేర్ల పళ్లు కూడితే 32 వచ్చిందంటే, అవి సరిగ్గా రెండు కన్నాల దూరంలో కుదురుతాయి. 8, 24 కలిపినా 32. 12, 20 కలిపినా 32. 16, 16 కలిపినా అంతే. అందుకే మొదటి మెట్టు ఉన్న కన్నాల్లోనే దిగిపోయింది. రెండో మెట్టుకు మాత్రం చట్రాన్ని రెండు కన్నాలు పొడిగించాను. మెట్టు పెరగడంతో చక్రం తిరిగే దిశ తారుమారైంది, దానికి రిమోట్ మీద దిశ మార్చే చిన్న మీట ఉంది, సరిపోయింది.

ఇంకొకటి కూడా చేశాను. ప్లాన్‌లో చివరి గేరు ఇరుసును ఒకవైపే బీము పట్టుకుని ఉంది. భారం పడగానే ఇరుసు కొద్దిగా వంగి గేర్లు ఒకదాన్నుంచి ఒకటి దూరంగా జరుగుతాయి. ఆ కరకర చప్పుడు అక్కడిదే. రెండోవైపు కూడా ఒక బీము వేసి, అడ్డంగా బిగించాను. రబ్బరు ముక్కల్ని లింకు విడిచి లింకుకు ఉంచాను. ఈ మూడూ చేసి ఏడాదిన్నర అయింది. ఆ అడుగు ప్యానెల్ మళ్లీ విప్పింది దుమ్ము దులపడానికే.

పైభాగం తిరిగే టర్న్‌టేబుల్ దగ్గర ప్లాన్ చేసినవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, కానీ జాగ్రత్త కావాలి. నడిపే మోటార్లు కింద ఉన్నాయి, బ్యాటరీలు పైన ఉన్నాయి. కాబట్టి రెండు వైర్లు టర్న్‌టేబుల్ మధ్య కన్నం గుండా దిగుతాయి. నిజం బండిలో అక్కడ ఎన్ని చుట్లు తిరిగినా చమురు గొట్టాలు మెలిపడకుండా ప్రత్యేకమైన కీలు ఉంటుంది. ఇక్కడ అది లేదు, వైరు వైరే. ఒకే వైపు రెండు చుట్ల కంటే ఎక్కువ తిప్పకూడదని ఇంట్లో నియమం పెట్టాం. వచ్చిన పిల్లలకు ముందు ఆ మాట చెప్పాకే రిమోట్ ఇస్తాను.

బ్యాటరీ పెట్టెలు రెండూ వెనక కొసన పెట్టిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. ఒక్కో పెట్టెలో ఆరు ఏఏ సెల్స్, మొత్తం 12. బరువు మొత్తం వెనక ఉండబట్టే చెయ్యి చాపి నిండు బకెట్ ఎత్తినా బండి ముందుకు తూలదు. మామూలు సెల్స్‌తో పెట్టెకు 9 వోల్టులు వస్తాయి. ఛార్జ్ చేసుకునేవి వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి 7.2 దగ్గర ఆగుతుంది. చెయ్యి నెమ్మదిగా లేస్తుంది. నాకు ఆ నెమ్మదే నచ్చింది, నిజం బండి అలాగే కదులుతుంది. రెండేళ్లుగా ఛార్జ్ చేసుకునేవే వాడుతున్నాను. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు మాత్రం సెల్స్ తీసేయండి. కారితే పెట్టె లోపలి రేకులు తినేస్తుంది.

ప్లాన్ లెగో పాత మోటారు వ్యవస్థ పవర్ ఫంక్షన్స్ తరానిది, అంటే 2007లో మొదలైన ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ల కాలం. ఒక్కో రిసీవర్‌కు రెండు మోటార్లు, అందుకే మూడు రిసీవర్లు. రాత్రి గదిలో ఏ ఇబ్బందీ లేదు. కిటికీ లోంచి ఎండ పడితే మాత్రం నొక్కినా పలకదు. బకెట్ పైకి లేచినప్పుడు రిసీవర్‌కు అడ్డొచ్చినా అంతే. పైగా మామూలు రిమోట్‌లో మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే ఆగడం, మధ్యస్తంగా ఏమీ లేదు. బకెట్ నింపి మెల్లగా తిప్పాలంటే చేతులు వణికేవి. ఏడాది తర్వాత నాలుగేసి మోటార్లు పట్టే బ్లూటూత్ పెట్టెలు రెండు తెచ్చి ఆ రిసీవర్లు తీసేశాను. వేలు ఎంత జరిపితే అంత వేగం. ఈ మోడల్ మీద పెట్టిన ఖర్చుల్లో ఇంత తృప్తినిచ్చింది ఇంకొకటి లేదు. ఒక విషయం చూసుకోండి: లెగో కొత్త తరం మోటార్ల ప్లగ్గు వేరు, పాత మోటార్ల ప్లగ్గు వేరు. ఒకదానికొకటి నేరుగా తగలవు. కొనేముందే ఏ తరంలో ఉండాలో తేల్చుకోవాలి.

రెండు మోటార్లకూ ఒకే వేగం ఇచ్చినా బండి తిన్నగా వెళ్లదు, మూడు నాలుగు మీటర్లలో కొద్దిగా కుడికి లాగుతుంది. ఏ రెండు మోటార్లూ అచ్చంగా ఒకేలా తిరగవు. దీన్ని లోపమని నేను అనను. నడిపేవాడు మీట సర్దుకుంటూ పోతాడు.

దుమ్ము పెద్ద శత్రువు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో నెలకోసారి దులుపుతాను. మోటార్లు, వైర్లు లేని భాగాలను విప్పినప్పుడు గోరువెచ్చని నీళ్లలో కడుగుతాను, 40 డిగ్రీలు దాటకుండా. కిటికీ పక్కన పెట్టిన ఆరు నెలల్లో తెల్ల ప్యానెళ్లు రెండు లేత పసుపుకు తిరిగాయి, ఎండ పని అది. పసుపు రంగు బీములకు ఏమీ కాలేదు. అప్పటి నుంచి గది లోపలి గోడ వైపు అరలో ఉంచుతున్నాను.

కట్టమంటారా అని అడిగితే, ఇంతకుముందు వెయ్యి ముక్కల మోటారు సెట్ ఒకటైనా కట్టినవాళ్లు తప్పకుండా కట్టండి అంటాను. మొదటిసారే దీనితో మొదలుపెట్టకండి. ఒక ఇరుసు కొసన అది జారకుండా ఆపే చిన్న బుష్ పెట్టడం మరిచిపోయి అరవై మెట్లు ముందుకెళ్లాక గుర్తొస్తే, ఎక్కడిదాకా విప్పాలో తెలిసే అనుభవం ఉండాలి. నాకు అలా మూడుసార్లు జరిగింది. అదనంగా 10 పొడవు ఇరుసులు నాలుగు, 12 పళ్ల గేర్లు నాలుగు, నల్ల పిన్నులు ఒక గుప్పెడు ముందే దగ్గర పెట్టుకోండి. ప్లాన్‌లో కింది చట్రం మొదలయ్యే చోటే ఆగి, నడక గేర్లను నేను చెప్పినట్టు చివరికి జరిపి కట్టండి. తర్వాత మార్చడానికి నాకు పదకొండు రాత్రులు పట్టింది.

ప్రస్తుతం ఎడమ పట్టీలో రబ్బరు ముక్కలు అరిగాయి, అవి మార్చాలి. మోచేతి యాక్చుయేటర్ కూడా ఈ మధ్య దించేటప్పుడు సన్నగా కీచుమంటోంది. ఈ ఆదివారం దాన్ని విప్పి చూడాలని మా అమ్మాయీ నేనూ అనుకున్నాం.