29,500 కార్డు, 61,500 బిల్లు

ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్‌లో తెర మీద బొమ్మ చూపించే, వీడియో భారం మోసే భాగం. 2021 ఆగస్టు మొదటి వారంలో విజయవాడలో కొన్నాను. నాలుగున్నరేళ్లు వాడేసిన వస్తువుకి ఇప్పుడు రివ్యూ ఏంటని మా ఆయన నవ్వుతున్నాడు. మొన్న జనవరిలో అదే విజయవాడలో ఇంకో కౌంటర్ దగ్గర నిలబడితే మళ్లీ అదే మాట, అదే రాగం: "స్టాక్ లేదు మేడం." ఇంటికొచ్చాక పాత బిల్లు వెతికి తీశాను. అది ముందు పెట్టుకునే ఇది రాస్తున్నా.

గుంటూరులో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. మా ఆయన షూట్ చేసుకొస్తాడు, నేను కూర్చుని కట్ చేస్తాను. సీజన్‌లో బయటి ఫొటోగ్రాఫర్ల పని కూడా వస్తుంది. బ్రాడీపేటలో మేడ మీద ఒక గది, ఒక ఏసీ, ఒక సిస్టమ్. గేముల్లో ఈ కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నాకు ఒక్క గేమూ రాదు.

దీనికి ముందు నా దగ్గర 1050 టీఐ అనే కార్డు ఉండేది, 4 జీబీది. 2018లో పన్నెండు వేల చిల్లరకి కొన్నాం. 2021 ఆషాఢంలో ఒక సాయంత్రం స్క్రీన్ నిండా ఆకుపచ్చ గడులు, ఎవరో ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు వరసగా వచ్చాయి. తర్వాత మొత్తం నలుపు. మా సిస్టమ్‌లో ఉన్న ప్రాసెసర్ రైజెన్ 5 3600. దాన్లో సొంతంగా డిస్‌ప్లే ఇచ్చే చిప్ ఉండదు. కార్డు పోయిందంటే కంప్యూటర్‌కి కళ్లు పోయినట్టే. ఊళ్లో రిపేర్లు చేసే కుర్రాడు చిప్‌కి హీట్ కొట్టి చూశాడు. నాలుగు రోజులు నడిచి మళ్లీ అదే. "ఇంక దీన్ని వదిలెయ్ అక్కా" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

అరండల్‌పేటలో డీటీపీ చేసే ఒకాయన దగ్గర జీటీ 710 అనే చిన్న కార్డు అడిగి తెచ్చుకున్నా. డిస్‌ప్లే అయితే వచ్చింది గానీ, ప్లే నొక్కితే పెళ్లికొడుకు ఒక అడుగేసి ఆగి, ఆలోచించి, ఇంకో అడుగేసేవాడు.

ఆగస్టు 9న శ్రావణం మొదలు. కరోనా రెండో వేవ్‌లో వాయిదా పడ్డ పెళ్లిళ్లు చాలావరకు శ్రావణంలోకే జరిగాయి. పదకొండు ఒప్పుకుని ఉన్నాం. ఆషాఢం అయిపోయేలోపు కార్డు కొనాలి. ఆ ఫిబ్రవరిలో 3060 విడుదలైనప్పుడు, దాన్ని తయారుచేసే ఎన్‌విడియా కంపెనీ ఇండియాలో చెప్పిన ధర 29,500 నుంచి. అది నా డైరీలో రాసుకున్నా. 30 వేలు పెడదామనుకున్న దాన్ని, గుంటూరులో రెండు కొట్లకు ఫోన్ చేసేసరికి నా నోట మాట రాలేదు. ఒకాయన లేదన్నాడు. రెండో ఆయన వాడేసిన 1050 టీఐ ఉంది, 14,500, వారంటీ లేదు అన్నాడు. అంటే నేను మూడేళ్ల కిందట కొత్తది కొన్నదాని కంటే పాతది ఎక్కువ!

విజయవాడలో ఒక కొట్టు మాత్రం "రండి మేడం, చూద్దాం" అంది. ఈ 'చూద్దాం' అనే మాట విన్నప్పుడే అర్థం చేసుకుని ఉండాల్సింది.

మా మేనమామ కూడా వచ్చాడు. ఆయనకి విజయవాడలో కంటి డాక్టర్ దగ్గర పని ఉంది. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో, కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేశాడు. కాజ టోల్‌గేట్ దాటేదాకా గ్రాఫిక్స్ కార్డు అంటే ఏంటో చెప్పాను. వారధి ఎక్కేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "ఇది నిలవ ఉంటే పాడవుద్దా?" పాడవదన్నాను. "అయితే లోపల ఉంది" అన్నాడు.

గవర్నర్‌పేటలో రెండో అంతస్తు, చిన్న కొట్టు. గోడ నిండా కీబోర్డులు, మౌస్‌లు. కార్డులు ఉండాల్సిన అరలో ఖాళీ పెట్టెలు. కౌంటర్‌లో కుర్రాడు మర్యాదస్తుడే. 3060 లేదన్నాడు. రెండు నిమిషాలు ఆగి, "కాంబో అయితే చూడొచ్చు" అన్నాడు. కాంబో అంటే కార్డుతోపాటు వాళ్లిచ్చే 650 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె), ఒక క్యాబినెట్ కూడా కొనాలి. నాకు ఆ రెండూ ఉన్నాయి. "మీ 550 సరిపోదు మేడం, కాలిపోద్ది" అన్నాడు.

మా మావయ్య అప్పటిదాకా స్టూల్ మీద కూర్చుని కంటిచుక్కల చీటీ చదువుకుంటున్నాడు. తలెత్తకుండానే అడిగాడు, "అబ్బాయ్, లోపల ఎన్ని టిక్కీలు ఉన్నయ్యి?"

కుర్రాడికి అర్థం కాలేదు. టిక్కీ అంటే మిర్చి బస్తా అని నేను చెప్పాల్సి వచ్చింది. వాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో వాడి గుట్టు వాడే బయటపెట్టుకున్నాడు. లోపలికెళ్లి పెట్టె పట్టుకొచ్చాడు. సీల్ తియ్యనిది. పెట్టె పక్కన చిన్న అక్షరాలతో విద్యుత్ సరఫరా కనీసం 550 వాట్స్ ఉండాలని రాసి ఉంది. వేలు పెట్టి చూపించాను. కాంబో పోయింది. రేటు మాత్రం పోలేదు.

64 వేల నుంచి మొదలెట్టాడు. ఎందుకంత అంటే "మైనింగ్ వాళ్లు మేడం, ఒక్కొక్కడు పది పదిహేను పట్టుకెళ్తున్నాడు" అన్నాడు. అది నిజమే. అప్పట్లో ఈథీరియం అనే క్రిప్టో నాణేన్ని ఈ కార్డులతోనే తవ్వేవాళ్లు. ఒక మదర్‌బోర్డుకి ఆరేసి కార్డులు తగిలించి రాత్రీ పగలూ తిప్పితే, కరెంటు బిల్లు పోను మిగిలేది. దానికితోడు ఇళ్లల్లో పనిచేసేవాళ్లందరికీ ఒక్కసారిగా కంప్యూటర్లు కావలసొచ్చాయి, చిప్ ఫ్యాక్టరీల్లో ఖాళీ లేదు. మైనింగ్ వాళ్లని ఆపడానికి ఎన్‌విడియా సరిగ్గా ఈ 3060కే తాళం వేసింది. ఈథీరియం లెక్క మొదలైందని పసిగట్టగానే కార్డు వేగం సగానికి పడిపోవాలి. వేసిన నెలలోపే, ఆ తాళం పనిచెయ్యని బీటా డ్రైవర్‌ని (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, ఇంకా పరీక్షలో ఉన్నది) పొరపాటున తనే బయటికి వదిలింది. ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టు. ఇంకో వింత ఏంటంటే, 2016లో వచ్చిన 1050 టీఐని 2021లో మళ్లీ కొత్త సరుకుగా మార్కెట్‌లోకి పంపారు. 4 జీబీతో ఈథీరియం తవ్వడం అప్పటికే కుదరదు కాబట్టి మైనింగ్ వాళ్లు దాని జోలికి రారని. నా చచ్చిపోయిన కార్డుకి అంత డిమాండ్ ఎందుకొచ్చిందో తర్వాత తెలిసింది.

అయితే ఇవేవీ కొట్టువాడు పెట్టెని లోపల దాచి లేదనడానికి కారణాలు కావు. మా మావయ్య మాటల్లో చెప్పాలంటే, కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్నవాడు కూడా "ఉంది, ఈ రేటుకి ఇవ్వను" అని ముఖం మీదే అంటాడు. అంతేగానీ పంటే పండలేదని చెప్పడు.

చివరికి 60,300 దగ్గర ఆగాడు. అప్పుడు బిల్లు గొడవ. బిల్లు 36 వేలకు రాస్తాను, మిగతాది క్యాష్ ఇవ్వండి అన్నాడు. పూర్తి బిల్లు కావాలంటే లెక్క మారుద్దట. జీఎస్‌టీ 18 శాతం మళ్లీ మీద వేస్తానన్నాడు. ముందు చెప్పిన రేట్లో జీఎస్‌టీ లేదా అంటే నేల చూపులు. మావయ్య కంటి డాక్టర్‌కి టైమవుతోందని లేచాడు. నేనూ లేచాను. మెట్ల దాకా వచ్చాక పిలిచాడు. పూర్తి రేటుకే బిల్లు ఇచ్చాడు గానీ, బ్యాంకు కార్డు గీకినందుకు 2 శాతం వేసి 61,500 అంకె తెప్పించాడు. డైరీలో ఉన్న 29,500కీ దీనికీ తేడా 32 వేలు. నాకది మూడు పెళ్లిళ్ల మిక్సింగ్ డబ్బు. తిరిగొచ్చేటప్పుడు మంగళగిరి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇక కార్డు. కార్డు మీద నాకు చిన్న కోపం కూడా లేదు. రాత్రి ముహూర్తాలకి మండపంలో లైట్లు తక్కువ, వీడియోలో గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది. నేను కట్ చేసే డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ పెట్టామంటే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. పాత 4 జీబీ కార్డుతో 4కే టైమ్‌లైన్‌లో రెండు క్లిప్పులకి పెట్టగానే గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందని మెసేజ్ వచ్చేది. రెండర్ 80 శాతం దాకా వచ్చి ఆగిపోతే ఆ రాత్రి ఇక నిద్ర లేదు. 3060లో మొదటిసారి జీలకర్ర బెల్లం దగ్గర నుంచి తలంబ్రాల దాకా మొత్తానికి నాయిస్ రిడక్షన్ పెట్టి, స్లో మోషన్ పెట్టి, రెండర్ నొక్కి టీ పెట్టుకోవడానికి వెళ్లాను. ఐదు నిమిషాల టీజర్. టీ తాగడం పూర్తయ్యేసరికి ఫైల్ సిద్ధం. ఏదో తప్పు జరిగి మధ్యలోనే ఆగిపోయిందేమో అనుకుని రెండుసార్లు చూశాను.

ఇందులో ఘనతంతా ఆ 12 జీబీది. ఈ చిప్‌లో మెమరీకి వెళ్లే దారి 192 బిట్లు. 32 బిట్ల మెమరీ చిప్‌లు ఆరు పడతాయి. ఒక్కోటి 1 జీబీదైతే మొత్తం 6, 2 జీబీదైతే 12. ఎనిమిది పెట్టే వీలే లేదు. అలా దీనికంటే ఖరీదైన 3060 టీఐకీ, 3070కీ 8 జీబీ ఉంటే దీనికి 12 దక్కింది. పెద్దకోడలికి లేని నగ చిన్నకోడలికి వచ్చినట్టు. ఒక్క మాట, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు జాగ్రత్త: తర్వాత ఇదే పేరుతో 8 జీబీ 3060 కూడా వచ్చింది, దారిని 128 బిట్లకు తగ్గించి. పెట్టె మీద 12 అని ఉందో లేదో చూసుకోండి.

లోపం అంటే ఒకటే. మా ఆయన కెమెరా మార్చాక ఫుటేజ్ 10 బిట్, 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువుండే రకంలో వస్తోంది. ఈ కార్డులో ఆ రకాన్ని విప్పే హార్డ్‌వేర్ లేదు. ప్లే నొక్కితే పాత పెళ్లికొడుకే మళ్లీ గుర్తొస్తాడు. ముందు రాత్రి ప్రాక్సీలు (కట్ చెయ్యడానికి తేలికైన నకలు ఫైళ్లు) చేసుకుని పెట్టుకోవాల్సిందే. ఎన్‌విడియా కొత్త 50 సిరీస్ కార్డుల్లో ఆ సదుపాయం ఇచ్చారు.

ఫ్యాన్ 2023లో గరగర మొదలెట్టింది. మూడేళ్ల వారంటీ ఉంది, పూర్తి బిల్లు ఉంది. హైదరాబాద్ పంపిస్తే పందొమ్మిది రోజులకు వచ్చింది. ఆ 36 వేల బిల్లు తీసుకుని ఉంటే మిగతా 24 వేలకి నా దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు.

2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకుంది, కార్డులతో తవ్వే పని ఆ రోజుతో ఆగిపోయింది. ఆ దసరాకి మా పిన్ని కొడుకు ఇదే కార్డు, కొత్తది, 31 వేలకి కొని ఫొటో పంపాడు. నేను బాగుందని బొటనవేలు బొమ్మ పెట్టాను. ఇంకేం పెడతాం!

ఇక మొన్న జనవరి సంగతి. ఆ 50 సిరీస్‌లోని 5060 టీఐ 16 జీబీ కార్డు, దాంతోపాటు కొత్త మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్ తీసుకుందామని వెళ్లాం. పోయిన వేసవిలో 8,500 చెప్పిన ర్యామ్ కిట్ 29 వేలు అన్నారు. ఈసారి మైనింగ్ వాళ్లు లేరు, ఏఐ డేటా సెంటర్లు ఉన్నాయి. మెమరీ చిప్‌లు చేసేది ముఖ్యంగా మూడు కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఎక్కువ లాభం వచ్చే డేటా సెంటర్ల సరుకు వైపే మళ్లారు. మైక్రాన్ అయితే మొన్న డిసెంబరులో, మనలాంటివాళ్లకి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు చెప్పేసింది. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే మెమరీ కూడా ఆ ముగ్గురి దగ్గర నుంచే రావాలి. కార్డు అడిగితే "8 జీబీది ఉంది మేడం, 16 స్టాక్ లేదు."

కౌంటర్ వెనక తలుపు వైపు చూశాను. ఈసారి నిజంగానే లేదేమో. మావయ్య పక్కన లేడు, అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మార్కులు వెయ్యాలంటే కార్డుకి ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు 4:2:2కి తగ్గించా. అప్పుడు అమ్మిన కొట్టుకి ఒకటిన్నర, అది కూడా మెట్ల దగ్గర వెనక్కి పిలిచి బిల్లు రాసినందుకు.

ఏమీ కొనకుండా వచ్చేశాం. పోయిన ఆదివారం క్యాబినెట్ విప్పి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో కార్డు రెక్కల మధ్య దుమ్ము దులిపాను. నాలుగు స్క్రూలు తీసి, చిప్ వేడిని బయటికి లాగే పేస్ట్ ఎండి పెళ్లలు కడితే తుడిచి, 180 రూపాయల కొత్త ట్యూబ్ రాశాను. రెండర్‌లో 84 డిగ్రీలు చూపించేది 71కి దిగింది. ఫాల్గుణంలో ఆరు పెళ్లిళ్లు ఉన్నాయి. మొదటి దాని ప్రాక్సీలు ఇది రాస్తుండగానే అవుతున్నాయి, ఇంకా నలభై నిమిషాలు చూపిస్తోంది.