‘1983 నాటి అసలు ఎల్పీ’ అనే ప్రకటన చూసి డబ్బు పంపకండి

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమో, ఆ మర్యాదకు నాకు నకిలీ రికార్డు అంటగట్టిన ఆ అమ్మకందారు తగడు.

బ్రిటిష్ బ్యాండు న్యూ ఆర్డర్ ఆల్బమ్ ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’. ఫ్యాక్టరీ రికార్డ్స్ కంపెనీ వారి తొలి బ్రిటిష్ ప్రెస్సింగ్ (అంటే విడుదలప్పుడే అచ్చయిన ప్రతి), కేటలాగ్ సంఖ్య ఫ్యాక్ట్ 75 అని ప్రకటన. అమ్మేది ఎవరో పాత రికార్డులు కొనేవారికి వేరే చెప్పక్కరలేదు. గులాబీల అట్ట ఫోటో ఒక్కటే పెట్టి, ‘ఇదే చివరి ప్రతి’ అంటూ ఎప్పటినుంచో ఊరిస్తున్న పెద్దమనిషే. బేరం, డబ్బు పంపడం, ఎదురుచూపు అన్నీ మామూలే. పార్సెల్ వచ్చింది.

అట్ట చూస్తే ఏ అనుమానమూ రాలేదు. ఫ్రెంచి చిత్రకారుడు ఫాంటాన్-లతూర్ 1890లో వేసిన గులాబీల బుట్ట, పైన కుడి మూలన రంగుల గళ్లు. ముందువైపు బ్యాండు పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు. అట్ట రూపొందించిన పీటర్ సావిల్ వాటిని రంగుల్లో దాచి, చదువుకోవడానికి వెనక ఒక రంగుల చక్రం ఇచ్చాడు. ఆ రంగుల లిపి చదవడం వచ్చిన మహా పండితుణ్ణి నేను. తేట తెలుగులో రాసిన మోసపు ప్రకటన చదవడం మాత్రం రాలేదు!

సూది పెట్టాను. మొదటి పాట ‘ఏజ్ ఆఫ్ కన్సెంట్’ బ్యాండు సభ్యుడు పీటర్ హుక్ బేస్ గిటార్‌తో మొదలవుతుంది కదా, ఆ బేస్ పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. శబ్దం పెంచితే బుసబుసలు పెరిగాయి తప్ప పాట దగ్గరికి రాలేదు. సరే, పాత రికార్డు, అరిగి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. నాలుగో పాట ‘5 8 6’ అయిపోయింది. మొదటి వైపు అక్కడితో ముగియాలి. సూది లేపడానికి చెయ్యి చాచాను. అంతలో డ్రమ్ మెషీన్ మొదలైంది. ధన్ ధన్ ధన్ ధన్... ‘బ్లూ మండే’!

ఈ ఆల్బమ్ తెలిసినవారికి ఇక్కడే విషయం అర్థమైపోతుంది. ‘బ్లూ మండే’ 1983 మార్చిలో విడిగా 12 అంగుళాల సింగిల్‌గా వచ్చింది. ఆల్బమ్ మే 2న వచ్చింది. బ్రిటిష్ ఎల్పీలో ఉన్నవి ఎనిమిదే పాటలు, వైపుకు నాలుగు. ‘బ్లూ మండే’ అందులో లేదు. అమెరికాలో క్యాసెట్లలోనూ, తరువాత సీడీల్లోనూ చేర్చారు. అంటే నా చేతిలో ఉన్నది ఎవరో అలాంటి దాన్నుంచి గీయించిన దొంగ సరుకు. ఇరవై రెండున్నర నిమిషాల వైపులో ఏడున్నర నిమిషాల పాట అదనంగా ఇరికిస్తే అరగంట అవుతుంది. సూది నడిచే గాళ్లు దగ్గర దగ్గరగా పడతాయి, అందుకోసం శబ్దం తగ్గించాలి, బేస్ కోసెయ్యాలి. ఈ ఆల్బమ్‌లో బేస్ కోసేస్తే మిగిలేదేమిటి? వీళ్ల పాత బ్యాండు జాయ్ డివిజన్. దాని గాయకుడు ఇయాన్ కర్టిస్ పోయాక న్యూ ఆర్డర్‌గా 1981లో చేసిన తొలి ఆల్బమ్ ‘మూవ్‌మెంట్’ మీద ఇంకా ఆ జాయ్ డివిజన్ నీడ ఉంది. గిటార్లూ యంత్రాలూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడిచింది ఈ రెండో ఆల్బమ్‌లోనే. దాన్ని వినడానికే కదా అంత ధర పెట్టింది.

సంయమనంతోనే ఉత్తరం రాశాను. పాటల పట్టిక, లేబుల్ ఫోటో జతచేసి, ఇది 1983 ప్రతి కాదు, డబ్బు వెనక్కి ఇవ్వండి అన్నాను. వచ్చిన జవాబు ఇది: “ఆ బ్యాండు పాటల్లో అన్నిటికన్నా పేరున్న పాట మీకు ఉచితంగా వచ్చింది. సంతోషించక ఈ ఫిర్యాదేమిటి?”

ఉచితంగానట! నకిలీ అని నిరూపించే సాక్ష్యాన్నే కానుకగా లెక్కగట్టాడు. కళ్లు తిరిగాయి నాకు. మళ్లీ అడిగితే, “ఆల్బమ్ వచ్చింది 1983లోనే కదా, నేను రాసింది అదే. ప్లాస్టిక్ ఎప్పటిదో నేను చెప్పానా?” అన్నాడు. చెప్పారు మహాశయా, ‘తొలి ప్రెస్సింగ్’ అన్న మాటకు ఇంకో అర్థం లేదు. ఇది రాసి పంపేసరికి నన్ను బ్లాక్ చేశాడు, సందేశం చేరలేదు.

ఇప్పుడే వేరే ఖాతా నుంచి చూశాను. అదే గులాబీల ఫోటో, ‘చివరి ప్రతి’ మళ్లీ పుట్టింది. కింద కొత్త వాక్యం: ‘ప్రత్యేకంగా ఒక పాట అదనం’. ధర కూడా పెంచాడు. నా ఫిర్యాదు అతనికి ప్రచారంగా పనికొచ్చిందన్నమాట!

పునర్ముద్రణ అని చెప్పి అమ్మేవాటి మీద నాకు పేచీ లేదు. ఇదే ఆల్బమ్ 2020లో అధికారికంగానే పెద్ద పెట్టెగా మళ్లీ వచ్చింది. పాతదే కావాలంటే మాత్రం డబ్బు పంపకముందు రెండు వైపుల లేబుళ్లూ, లేబుల్ పక్కన నున్నటి భాగంలో గీసిన అక్షరాలూ కనిపించే ఫోటోలు అడగండి. మొదటి వైపు చివరి పాట ఏమిటో కూడా అడగండి. ‘బ్లూ మండే’ అంటే పారిపోండి.